ఫేజ్ 2 టాప్‌లైన్ ఫలితాలు: ఇన్వెస్టర్లకు ఏం చెప్పాలి, ఎప్పుడు, ఏ వరుసలో?

ప్రశ్న | సీఎస్_బాలానగర్

హైదరాబాద్‌లో ఒక చిన్న లిస్టెడ్ కంపెనీకి కంపెనీ సెక్రటరీని. మార్కెట్‌లో మా మందు ఇంకా ఏదీ లేదు. కాంట్రాక్ట్ రీసెర్చ్ మీద కొంత ఆదాయం వస్తుంది, షేరు ధర మాత్రం పూర్తిగా ఒక్క మాలిక్యూల్ మీద నడుస్తోంది. షుగర్ వల్ల వచ్చే నరాల నొప్పికి ఫేజ్ 2 ట్రయల్ (మందు పని చేస్తుందా అని పేషెంట్ల మీద చూసే రెండో దశ): 180 మంది, ప్లాసిబోతో (మందు లేని ఉత్తుత్తి మాత్రతో) పోలిక, 14 సైట్లు, 12 వారాల చికిత్స. చివరి పేషెంటు చివరి విజిట్ అయిపోయింది. ఆరేడు వారాల్లో డేటాబేస్ లాక్ (ఇక డేటాను మార్చకుండా మూసేయడం), ఆ వెంటనే టాప్‌లైన్ (ప్రధాన ఫలితాల తొలి సారాంశం).

ఇన్వెస్టర్ రిలేషన్స్‌కు వేరే మనిషి లేరు. కంప్లయన్స్, షేర్‌హోల్డర్ల మెయిళ్లు, ప్రెస్ నోటు, అన్నీ నేనే చూసుకోవాలి. నాకు తేలనివి ఇవి:

ఫలితం చేతికొచ్చాక ఎంతసేపట్లో ఎక్స్ఛేంజ్‌కి చెప్పాలి? బోర్డు మీటింగ్ పెట్టి ఆమోదించాక చెప్పొచ్చా? ప్రెస్ నోటులో ఏ అంకెలు తప్పకుండా ఉండాలి? ఫలితం అటూ ఇటూ కాకుండా వస్తే ఎలా రాయాలి? అదే రోజు ఇన్వెస్టర్ కాల్ పెట్టొచ్చా? ఈలోగా రోజూ వచ్చే "డేటా ఎప్పుడు?" మెయిళ్లకు ఏం జవాబివ్వాలి?

జవాబు 1 | నిబంధన30

ముందు గడియారం సంగతి. ఎక్కువమంది చిక్కుకునేది అక్కడే.

సెబీ ఎల్‌ఓడీఆర్ (లిస్టెడ్ కంపెనీలు ఏం వెల్లడించాలో చెప్పే నిబంధనలు) షెడ్యూల్ 3లో "క్లినికల్ ట్రయల్ ఫలితం" అని విడిగా లైను లేదు. కీలక లైసెన్సులు, రెగ్యులేటరీ అనుమతుల మంజూరు, రద్దు, సస్పెన్షన్ గురించి ఉంది. ట్రయల్ ఫలితాన్ని మాత్రం 30వ నిబంధన కింద మెటీరియాలిటీ (ఇన్వెస్టర్ల నిర్ణయాన్ని మార్చేంత ముఖ్యమా అన్నది) చూసి తేల్చుకోవాలి. టర్నోవరులో 2 శాతం, నెట్‌వర్త్‌లో 2 శాతం, గత మూడేళ్ల లాభనష్టాల సగటులో 5 శాతం, వీటిలో ఏది తక్కువైతే అదే కొలత. ఒక్క మాలిక్యూల్ మీద నిలబడ్డ కంపెనీకి ఈ లెక్క అవసరమే లేదు, ఫలితం మెటీరియలే. మీ మెటీరియాలిటీ పాలసీలో "ప్రధాన ట్రయల్ టాప్‌లైన్, ట్రయల్ నిలిపివేత, రెగ్యులేటర్ నిర్ణయం" అనే మూడూ ఇప్పుడే చేర్పించండి. ఫలితం వచ్చిన రోజు ఇది మెటీరియలా కాదా అని చర్చకు కూర్చుంటే ఆ సమయం కూడా మీ ఖాతాలోదే.

గడువులు మూడు. బోర్డు మీటింగ్‌లో తీసుకున్న నిర్ణయమైతే మీటింగ్ ముగిసిన 30 నిమిషాల్లో (ట్రేడింగ్ వేళలు దాటాక ముగిసే మీటింగ్‌కు 2024 డిసెంబరు సవరణతో మూడు గంటలు). కంపెనీ లోపల పుట్టిన సమాచారమైతే 12 గంటలు. బయటినుంచి వచ్చిందైతే 24 గంటలు. సీఆర్ఓ (కంపెనీ తరఫున ట్రయల్ నడిపే సంస్థ) నుంచి వచ్చే ఫలితాల టేబుల్స్ "బయటివి" కాబట్టి 24 గంటలు దొరుకుతాయని కొందరంటారు. ట్రయల్ మీది, డబ్బు మీది, సీఆర్ఓ మీ తరఫున పని చేస్తోంది. 12 గంటలే అనుకుని ప్లాన్ చేయండి.

ఆ 12 గంటలు ఎప్పుడు మొదలవుతాయి? మీకు తెలిసినప్పుడు కాదు, ఎండీకి తెలిసినప్పుడూ కాదు. కంపెనీ అధికారుల్లో ఎవరికైనా తెలిసిన క్షణం నుంచి, తెలిసి ఉండాల్సిన క్షణం నుంచి కూడా. మీ క్లినికల్ హెడ్ రాత్రి 11కి ఫోన్‌లో మెయిల్ తెరిచి చూస్తే గడియారం తిరుగుతున్నట్టే. బోర్డు మీటింగ్ వచ్చే గురువారం ఉంది, అప్పుడు పెడదాం అంటే కుదరదు. బోర్డుకు విడిగా సమాచారం ఇవ్వండి, ఫైలింగ్‌ని మీటింగ్ దాకా ఆపకండి.

కాబట్టి టేబుల్స్ ఎప్పుడు రావాలో మీరే ముందుగా సీఆర్ఓతో రాతపూర్వకంగా ఖరారు చేసుకోండి. మార్కెట్ 3.30కి మూసేస్తారు. అన్‌బ్లైండ్ అయిన (ఎవరికి మందు, ఎవరికి ప్లాసిబో అన్నది తేలిన) టేబుల్స్ సాయంత్రం 4 గంటలకు, పేర్లు రాసుకున్న నలుగురైదుగురికి మాత్రమే, పాస్‌వర్డ్ ఉన్న పోర్టల్‌లో తెరుచుకోవాలి. మెయిల్ అటాచ్‌మెంట్‌గా వద్దు. 4 నుంచి 7 దాకా అంకెల పరిశీలన, 7 నుంచి 9 దాకా ముందే రాసి ఉంచిన నోటులో అంకెలు నింపడం, 10 లోపు ఫైలింగ్. మర్నాడు 9.15 దాకా అందరికీ చదువుకునే సమయం దొరుకుతుంది. ఏ వారమో కూడా ఇప్పుడే ఖరారు చేయండి. శుక్రవారం వద్దంటాను. ఆ రోజు రాత్రి వచ్చిన నోటును జనం చెడ్డ వార్త దాచడంగానే చదువుతారు. ఫలితం మంచిదైతే మంగళవారం, చెడ్డదైతే శుక్రవారం అనే వెసులుబాటు మీ చేతిలో ఉండకూడదు.

ట్రేడింగ్ విండో (లోపలివాళ్లు కంపెనీ షేర్లు కొనడానికి, అమ్మడానికి అనుమతి ఉన్న సమయం): అన్‌బ్లైండింగ్ రోజు కాదు, డేటాబేస్ లాక్‌కి ముందే మూసేయండి. డేటా శుభ్రం చేసే దశలో సైట్ల నుంచి వచ్చే క్వెరీలు చూస్తూ "మందు పని చేస్తున్నట్టుంది" అని ఊహించేవాళ్లు లోపల ఉంటారు. సమాచారం బయటపెట్టాక 48 గంటలు దాటేదాకా తెరవొద్దు. క్వార్టర్ ఫలితాలకు మూసే విండోతో ఇది కలిసిపోవచ్చు. అయినా దీనికి వేరే మెమో, వేరే కారణం రికార్డులో ఉండాలి.

స్ట్రక్చర్డ్ డిజిటల్ డేటాబేస్: ధరను కదిలించే అప్రచురిత సమాచారం ఎవరెవరికి చేరిందో పేరు, పాన్, ఏ సమాచారం, ఎప్పుడు, ఎందుకు అన్న వివరాలతో, టైమ్ స్టాంపుతో ఎక్కించాలి. దీన్ని బయటి ఏజెన్సీకి అప్పగించకూడదు, ఎనిమిదేళ్లు భద్రపరచాలి. మామూలుగా మరిచిపోయేవాళ్లు: సీఆర్ఓ స్టాటిస్టిషియన్, ఆయన ప్రోగ్రామర్, ప్రెస్ నోటు దిద్దే పీఆర్ ఏజెన్సీ మనిషి, వెబ్‌సైట్‌లో పీడీఎఫ్ ఎక్కించే ఐటీ వెండరు, ఎండీ గారి ఎగ్జిక్యూటివ్ అసిస్టెంటు. ఎంట్రీ ముందు పడాలి, నోటు తర్వాత వెళ్లాలి.

కాల్ సంగతి: అదే రోజు కుదరదు. గ్రూప్ కాల్ షెడ్యూల్‌ను కనీసం రెండు పనిదినాల ముందు ఎక్స్ఛేంజ్‌కి చెప్పాలి, చెప్పిన రోజు, కాల్ రోజు లెక్కలోకి రావు. సోమవారం రాత్రి నోటుతోపాటే షెడ్యూల్ ఫైల్ చేస్తే మంగళ, బుధ వారాలు విడిచి గురువారం కాల్. టాప్‌లైన్ తేదీ ముందే తెలుసు కదా అని వారం ముందు కాల్ ప్రకటిస్తే, డేటా రాబోతోందని మార్కెట్‌కు చెప్పేసినట్టే. మధ్యలోని రెండు రోజుల ఖాళీకి ఒకటే మందు: పది, పన్నెండు ప్రశ్నలకు జవాబుల పత్రం ఒకటి తయారుచేసి ప్రెస్ నోటుతో కలిపే ఎక్స్ఛేంజ్‌లో ఫైల్ చేయండి. ఆ తర్వాత ఎవరు ఫోన్ చేసినా, టీవీవాళ్లు పిలిచినా, ఆ పత్రం గీత దాటి ఒక్క మాట కూడా వద్దు. క్వార్టర్ ఫలితాల కాల్స్‌కు ఉన్న గడువులే దీనికీ పాటించండి: రికార్డింగ్ 24 గంటల్లో లేదా తర్వాతి ట్రేడింగ్ రోజు మొదలయ్యేలోపు, ఏది ముందైతే అది. ట్రాన్‌స్క్రిప్ట్ ఐదు పనిదినాల్లో.

ఇంకొకటి: పీడీఎఫ్ స్కాన్ చేసింది కాకుండా, వెతికితే అక్షరాలు దొరికేదిగా ఉండాలి. సంతకం కోసం ప్రింటు తీసి స్కాన్ చేసే అలవాటు ఉంటే ఇప్పుడే డిజిటల్ సంతకానికి మారండి. రాత్రి తొమ్మిదిన్నరకు ప్రింటరు దగ్గర నిలబడే పరిస్థితి వద్దు.

జవాబు 2 | బయోస్టాట్_గుంటూరు

నిబంధన30 గారు వేళల గురించి చెప్పారు, నేను అంకెల గురించి చెప్తాను.

ప్రెస్ నోటు ఫలితం వచ్చాక రాయకండి. ఇవాళే మూడు నోట్లు రాయండి: ప్రైమరీ ఎండ్‌పాయింట్ (ట్రయల్‌కు ముందే పెట్టుకున్న ప్రధాన కొలత) చేరితే ఒకటి, చేరకపోతే ఒకటి, అటూ ఇటూ కాకపోతే ఒకటి. మూడింట్లోనూ పేరాల వరుస, ఏ అంకె ఎక్కడ వస్తుందన్నది ఒకేలా ఉండాలి, అంకెల చోట ఖాళీలు వదలాలి. ఎండీ, మెడికల్ హెడ్, మీరు మూడింటి మీదా డేటాబేస్ లాక్‌కి ముందే సంతకం పెట్టండి. ఫలితం తెలిశాక వాక్యం మార్చాలంటే ఎందుకు మారుస్తున్నారో రాసి ఉంచాలి. ఒత్తిడి వచ్చినప్పుడు మిమ్మల్ని కాపాడేది ఈ కాగితమే.

మొదటి పేరాలో ఉండాల్సింది ప్రోటోకాల్‌లో ప్రైమరీ అని రాసుకున్నదే. అది చేరామా లేదా, మొదటి వాక్యంలోనే. సెకండరీలో (రెండో వరుస కొలతల్లో) ఏదో బాగుందని దాన్ని పైకి ఎక్కించొద్దు.

మీ ట్రయల్‌కే ఊహించిన అంకెలతో చూపిస్తాను. నొప్పి 0 నుంచి 10 స్కేలు మీద. మందు తీసుకున్న 90 మందిలో సగటున 2.4 పాయింట్లు తగ్గింది, ప్లాసిబో తీసుకున్న 90 మందిలో 1.9 తగ్గింది. తేడా 0.5. ఒక్కో గ్రూపులో స్టాండర్డ్ డీవియేషన్ (సగటు నుంచి అంకెల చెదురు) 2.2 దగ్గర ఉంటే ఆ తేడాకు 95 శాతం కాన్ఫిడెన్స్ ఇంటర్వెల్ (అసలు తేడా ఉండగల పరిధి) మైనస్ 0.15 నుంచి 1.15 దాకా వస్తుంది, పీ విలువ 0.13. పీ విలువ, అంటే మందుకు ప్రభావమే లేకపోయినా ఇంత తేడా కనబడే అవకాశం, మామూలుగా 0.05 లోపు ఉండాలి, కాబట్టి ప్రైమరీ చేరలేదు. ఇదే డేటాతో "ప్లాసిబో కన్నా 26 శాతం మెరుగైన నొప్పి నివారణ" అని రాయొచ్చు, 2.4ని 1.9తో భాగిస్తే వచ్చేది అదే. అబద్ధం కాదు, కానీ చదివినవాడు పూర్తిగా తప్పుగా అర్థం చేసుకుంటాడు. "మొదటి నుంచి 2.4 పాయింట్ల గణనీయమైన తగ్గుదల" అన్నదీ అంతే, ప్లాసిబోలోనే 1.9 తగ్గిందని దాచేసే వాక్యం. నొప్పి ట్రయళ్లలో ప్లాసిబో స్పందన ఎప్పుడూ ఎక్కువే, అందుకే రెండు గ్రూపుల అంకెలూ పక్కపక్కన లేని నోటును నేను నమ్మను.

ఆ సందర్భానికి సరైన మొదటి పేరా ఇలా ఉంటుంది:

"180 మంది పాల్గొన్న ఫేజ్ 2 ట్రయల్‌లో ప్రైమరీ ఎండ్‌పాయింట్ అయిన 12వ వారం సగటు నొప్పి స్కోరు తగ్గుదలలో మందుకు, ప్లాసిబోకు మధ్య గణాంకపరంగా ప్రాముఖ్యమున్న తేడా రాలేదు. తగ్గుదల మందు గ్రూపులో 2.4, ప్లాసిబో గ్రూపులో 1.9, తేడా 0.5, 95 శాతం కాన్ఫిడెన్స్ ఇంటర్వెల్ మైనస్ 0.15 నుంచి 1.15, పీ విలువ 0.13."

దీని కింద ఎంతమందిని ర్యాండమైజ్ చేశారు (లాటరీ పద్ధతిలో గ్రూపులకు పంచారు), విశ్లేషణలో ఎంతమంది ఉన్నారు, ఒక్కో గ్రూపులో ఎంతమంది మధ్యలో మానేశారు, ఎందుకు, తీవ్ర దుష్ప్రభావాలు గ్రూపుల వారీగా ఎన్ని, మరణాలు ఉంటే ఎన్ని, ఇంకా విశ్లేషించాల్సినవి ఏవి అన్నవి రాయాలి. "మందును బాగా తట్టుకున్నారు" అనే వాక్యం మానేసిన వాళ్ల అంకె లేకుండా ఒంటరిగా కనబడకూడదు.

ప్రైమరీ పోతే, ప్లాన్‌లో వరుసగా పరీక్షించే పద్ధతి ఉంటే, ఆ కింది సెకండరీల పీ విలువలన్నీ నామమాత్రం, రుజువుగా లెక్కలోకి రావు. ఆ మాటే రాయండి. డేటా చూశాక తీసిన సబ్‌గ్రూప్ అయితే "ముందుగా నిర్ణయించినది కాదు" అని అదే వాక్యంలో ఉండాలి, ఫుట్‌నోటులో కాదు.

ఇది మర్యాద కోసం చెప్పడం లేదు. అమెరికాలో ఇంటర్‌మ్యూన్ కేసు చూడండి. 2002 ఆగస్టులో ఆక్టిమ్యూన్ మందు మీద ప్రెస్ నోటు ఇచ్చారు. ఊపిరితిత్తుల ఫైబ్రోసిస్, 330 మంది ట్రయల్. ప్రైమరీ చేరలేదు. మొత్తం మరణాల తేడాకు పీ విలువ 0.08. డేటా చూశాక తీవ్రత తక్కువ, మధ్యస్థంగా ఉన్న పేషెంట్లను విడదీసి చూస్తే 0.004 వచ్చింది. నోటు శీర్షిక మాత్రం బతికే అవకాశం పెరిగిందని, ఆ గ్రూపులో మరణాలు 70 శాతం తగ్గాయని చెప్పింది. అంకెలేవీ కల్పితం కాదు. అయినా 2009లో అప్పటి సీఈఓను వైర్ ఫ్రాడ్ (ఫోన్, ఇంటర్నెట్ లాంటి మార్గాల్లో చేసే మోసం) కింద దోషిగా తేల్చారు, ఆరు నెలల గృహనిర్బంధం పడింది, 2013లో అప్పీల్ కోర్టు ఆ తీర్పునే నిలబెట్టింది. 2021లో అధ్యక్షుడి క్షమాభిక్ష వచ్చిందనుకోండి, అప్పటికి దాదాపు ఇరవై ఏళ్లు గడిచాయి.

మన ఊళ్లోనే ఇంకో రకం ఉదాహరణ ఉంది. సువెన్ లైఫ్ సైన్సెస్ అల్జైమర్స్ మందు ఎస్‌యూవీఎన్-502 ఫేజ్ 2లో ప్రైమరీ చేరలేదని 2019 నవంబరులో చెప్పింది. అదే మాలిక్యూల్ తర్వాత అల్జైమర్స్ పేషెంట్లలో వచ్చే ఆందోళన, అలజడి మీద ఫేజ్ 3కి వెళ్లింది. ప్రైమరీ పోయిందని ఒప్పుకోవడం మందుకు సమాధి కట్టడం కాదు.

సీఎస్_బాలానగర్

ఇద్దరికీ ధన్యవాదాలు. మూడు నోట్ల పద్ధతి మా ఎండీ గారికి చూపిస్తాను. రెండు సందేహాలు మిగిలాయి. ఇన్వెస్టర్ ప్రెజెంటేషన్‌లో "24 నెలలకు సరిపడా నగదు" అని ఉంది. ప్రమోటర్ గ్రూపుకు ఇచ్చిన వారంట్ల (ముందే ఖరారైన ధరకు తర్వాత షేర్లు తీసుకునే హక్కుల) డబ్బు కలిపి వేసిన లెక్క అది. అలా ఉంచొచ్చా? రెండోది, ప్రిఫరెన్షియల్ ఇష్యూ (ఎంపిక చేసినవాళ్లకే కొత్త షేర్లు ఇవ్వడం) ఒకటి టాప్‌లైన్‌కి ముందే ముగించేద్దామని ఫైనాన్స్ వాళ్లంటున్నారు.

జవాబు 3 | ఫార్మా_అనలిస్ట్

ఇన్వెస్టర్ వైపు నుంచి చెప్తాను.

వారంట్లకు ముందుగా చేతికొచ్చేది 25 శాతమే. మిగతా 75 శాతం 18 నెలల్లోపు ఎప్పుడైనా కట్టొచ్చు, షేరు ధర పడిపోతే కట్టకుండా వదిలేయనూ వచ్చు. అప్పుడు ముందు కట్టింది పోతుంది, అంతే. ట్రయల్ ఫెయిలైతేనే మీకు ఆ డబ్బు ఎక్కువ అవసరం, సరిగ్గా అప్పుడే అది రాదు. అందుకే రాని 75 శాతాన్ని నగదు లెక్కలో చూపించడం తప్పు.

మేం వేసే లెక్క ఇది. ఉదాహరణకు నగదు, డిపాజిట్లు, లిక్విడ్ ఫండ్లు కలిపి 42 కోట్లు. అందులో బ్యాంక్ గ్యారంటీల కింద లీన్ (బ్యాంకు తాకట్టు) ఉన్న డిపాజిట్లు 4 కోట్లు. వాడుకోగలిగింది 38. గత రెండు క్వార్టర్ల సగటు నికర ఖర్చు నెలకు 2.8 కోట్లు. అంటే పదమూడున్నర నెలలు. వారంట్ల నుంచి రావాల్సింది ఇంకో 45 కోట్లయితే, అది వేరే వరుసలో, "వస్తే" అనే మాటతో. పైగా ఫేజ్ 3 మొదలుపెడితే నెల ఖర్చు 2.8 దగ్గర ఆగదు, సీఆర్ఓకి ఒప్పందం రోజునే పెద్ద అడ్వాన్సు పోతుంది. "ఇప్పటి ప్లాన్ ప్రకారం, ఫేజ్ 3 ఖర్చు కలపకుండా, ఫలానా నెల దాకా" అని రాస్తే మాకు చాలు. తక్కువ నెలలు చూసి మేం భయపడం. మూడు క్వార్టర్లుగా "24 నెలలు" అనే అంకె కదలకుండా ఉంటే భయపడతాం, ఎందుకంటే డబ్బు ఖర్చవుతున్నకొద్దీ అది తగ్గాలి కదా.

ఇష్యూ సంగతి: డేటాబేస్ లాక్‌కి, టాప్‌లైన్‌కి మధ్య ధర నిర్ణయించడం అంటే నిప్పుతో చెలగాటం. ప్రిఫరెన్షియల్ కనీస ధర రెలెవెంట్ డేట్‌కు (ధర లెక్కకు ప్రాతిపదికగా తీసుకునే తేదీకి) ముందు 90, 10 ట్రేడింగ్ రోజుల, వాల్యూమ్‌ను కలిపి లెక్కించిన సగటు ధరల్లో ఎక్కువైనదాని మీద ఆధారపడుతుంది. ఫలితం బాగొచ్చి షేరు లేస్తే, "లోపలివాళ్లకు ముందే తెలిసి చౌకగా ఇచ్చారు" అనే మాట పడుతుంది, నిజమో కాదో తేలేలోపు మీ పేరు పోతుంది. ఫలితం పోతే డబ్బు పెట్టినవాళ్లు మీ మీద పడతారు. ఇష్యూ పూర్తిగా లాక్‌కి ముందైనా ముగించండి, లేదా టాప్‌లైన్ బయటపడ్డాక మొదలుపెట్టండి.

ఇప్పుడు చాలా చిన్న కంపెనీలు పట్టించుకోని విషయం. మీ ప్రెజెంటేషన్ ఒక్కటే మేం చదవం. సీటీఆర్ఐలో (దేశంలోని ట్రయళ్లను నమోదుచేసే ప్రభుత్వ రిజిస్టరులో) మీ ట్రయల్ ఎంట్రీ చూస్తాం: శాంపుల్ సైజు, ప్రైమరీ అవుట్‌కమ్, రిక్రూట్‌మెంట్ స్థితి. ప్రెజెంటేషన్‌లో 180 ఉండి సీటీఆర్ఐలో 240 ఉంటే మొదటి ప్రశ్న అదే. మార్చిన తేదీలు కూడా అక్కడే కనిపిస్తాయి. లాక్‌కి దగ్గర్లో ప్రైమరీ అవుట్‌కమ్ మారితే, దానికి ఎంత మంచి కారణమున్నా ఆ కారణం మీరే ముందు చెప్పాలి. సీడీఎస్‌సీఓ (కేంద్ర ఔషధ నియంత్రణ సంస్థ) సబ్జెక్ట్ ఎక్స్‌పర్ట్ కమిటీ మినిట్స్ కూడా వెబ్‌సైట్‌లో పెడతారు. మీ ప్రోటోకాల్‌ను సవరించమన్నారనో, ఫేజ్ 3కి ఇంకో డోసు పరీక్షించమన్నారనో అందులో ఉంటుంది. మీరు "రెగ్యులేటర్‌తో చర్చలు సానుకూలంగా సాగాయి" అని రాసిన వారానికే ఆ మినిట్స్ బయటకొస్తే మీ తర్వాతి వాక్యాన్ని ఎవరూ నమ్మరు. మీటింగ్ అయిన రోజు నుంచి ఎవరో ఒకరు ఆ పేజీని రోజూ చూడాలి. అందులో రాబోయే మాట మెటీరియల్ అనిపిస్తే, దానికన్నా ముందు మీ ఫైలింగ్ ఉండాలి.

తేదీల విషయంలో నెల పేరు చెప్పకండి. "2026 మొదటి అర్ధభాగం" లాంటి గడువు చాలు. అది జారబోతోందని లోపల తేలిన రోజే చెప్పండి, జూన్ 30 దాకా ఆగొద్దు. ఆలస్యానికి కారణం కూడా రాయండి: సైట్ల క్వెరీలు మిగిలాయా, ల్యాబ్ డేటా రావాలా, రిక్రూట్‌మెంట్ నెమ్మదించిందా. ఈ మూడింటికీ మేం వేర్వేరు అర్థాలు తీసుకుంటాం.

జవాబు 4 | ఎడిసన్_ఎన్‌జే

న్యూజెర్సీలో ఇదే పని చేస్తాను, ఫార్మా_అనలిస్ట్ గారు రెగ్యులేటర్ గురించి రాసినదానికి ఇక్కడి ఉదాహరణ ఒకటి.

ఏవియో ఫార్మాస్యూటికల్స్ కిడ్నీ క్యాన్సర్ మందు టివోజానిబ్. 2012లో జరిగిన మీటింగ్‌లో ఎఫ్‌డీఏ (అమెరికా ఔషధ నియంత్రణ సంస్థ) సిబ్బంది ఇంకో ట్రయల్ చేయమని సూచించారు. ఇన్వెస్టర్లకు ఆ మాట చెప్పలేదు, 2013 జనవరిలో డబ్బు సేకరించారు. తర్వాత సలహా కమిటీ పత్రాల్లో ఎఫ్‌డీఏనే ఆ విషయం బయటపెట్టింది, షేరు కూలింది. 2016లో ఎస్ఈసీ (అమెరికా మార్కెట్ నియంత్రణ సంస్థ) కేసు పెడితే కంపెనీ 40 లక్షల డాలర్ల జరిమానాకు ఒప్పుకుంది. కాబట్టి రెగ్యులేటర్ మీటింగ్ గురించి నోరు తెరవకపోవడం ఒక పద్ధతి, తెరిస్తే పూర్తిగా చెప్పడం ఇంకో పద్ధతి. మంచి సగం చెప్పి చెడ్డ సగం మింగడం మాత్రం పద్ధతి కాదు.

ఇక్కడి వేళలు కొంచెం వేరు. రెగ్ ఎఫ్‌డీ అనే ఇక్కడి నిబంధన ప్రకారం ఒకరికి చెప్పింది అందరికీ ఒకేసారి చెప్పాలి. నాస్‌డాక్‌లో ఉదయం 7 నుంచి రాత్రి 8 మధ్య మెటీరియల్ ప్రెస్ నోటు ఇస్తే దానికి కనీసం పది నిమిషాల ముందు మార్కెట్‌వాచ్ విభాగానికి చెప్పాలి, అవసరమైతే ట్రేడింగ్ ఆపుతారు. టాప్‌లైన్ నోటు, కాల్ రెండూ ఒకే పొద్దున పెట్టుకునే వెసులుబాటు ఉంది. మీకది లేదు కాబట్టి పైన చెప్పిన ప్రశ్నోత్తరాల పత్రం నిజంగా మంచి ఆలోచన.

మీ ట్రయల్‌కు డేటా సేఫ్టీ మానిటరింగ్ బోర్డు (ట్రయల్ మధ్యలో డేటా చూసే స్వతంత్ర నిపుణుల బృందం) ఉంటే ఒక హెచ్చరిక. "మార్పులేమీ లేకుండా కొనసాగించమని బోర్డు సూచించింది" అంటే భద్రతాపరంగా ఆపాల్సినంత సమస్య కనబడలేదని, ఫ్యుటిలిటీ (కొనసాగించినా ఫలితం రాదన్న పరిస్థితి) కూడా చూసి ఉంటే ఆ గీత దాటలేదని అర్థం. మందు పని చేస్తోందని కాదు. నోటులో బోర్డు ఏం చూసిందో, ఏం చూడలేదో ఒక వాక్యం రాయండి. అలాగే బ్లైండ్ తీయకముందు రెండు గ్రూపులూ కలిపిన సగటును బయటపెట్టొద్దు. "మొత్తం పేషెంట్లలో నొప్పి 2.1 తగ్గింది" అని చెబితే చదివినవాళ్లు అదంతా మందు గొప్పే అనుకుంటారు.

"సురక్షితం", "ప్రభావవంతం" అనే విశేషణాలు అనుమతి రాని మందుకు వాడకండి. అమెరికాలో ప్రచారంలో అలా చెప్పడాన్ని ఎఫ్‌డీఏ నిబంధనలే నిషేధిస్తాయి. మీ ట్రయల్ ఇండియాలోదే అయినా రేపు లైసెన్సింగ్ కోసం అమెరికా కంపెనీ దగ్గరకు వెళ్తే మీ పాత నోట్లన్నీ వాళ్ల లాయర్లు తిరగేస్తారు.

నిబంధన30

సీఎస్_బాలానగర్ గారూ, మెయిళ్ల ప్రశ్న మిగిలిపోయింది.

"డేటా ఎప్పుడు?" అనే ప్రతి మెయిల్‌కూ ఒకే జవాబు, ఒక్క అక్షరం తేడా లేకుండా: "ట్రయల్ తాజా స్థితి ఫలానా తేదీన ఎక్స్ఛేంజ్‌లో ఫైల్ చేసిన ప్రకటనలో ఉంది. అంతకు మించిన సమాచారం ఉన్నప్పుడు ముందుగా ఎక్స్ఛేంజ్‌కే తెలియజేస్తాం." లాక్‌కి దగ్గరపడేకొద్దీ జవాబు ధోరణి మారకూడదు. నిన్నటిదాకా ఫోన్ ఎత్తిన మనిషి ఇవాళ ఎత్తకపోతే అదీ ఒక సంకేతమే అవుతుంది. అందుకే ఈ జవాబు ఇవాళ్టి నుంచే మొదలుపెట్టండి. మెయిళ్లు, ఫోన్లు ఒక రిజిస్టరులో పడాలి: తేదీ, ఎవరు, ఏం అడిగారు, ఏం చెప్పారు. రిసెప్షన్‌లో ఫోన్ ఎత్తేవాళ్లకు కూడా ఈ రెండు వాక్యాలు ప్రింటు తీసి ఇవ్వండి.

లీకు ఎక్కువగా మీ ఆఫీసులోంచి రాదు. 14 సైట్లు అన్నారు. డాక్టర్లు, కోఆర్డినేటర్లు లింక్డ్‌ఇన్‌లో "మా సెంటర్‌లో అద్భుతమైన స్పందన" అని పెడతారు, వాళ్లకు మంచి ఉద్దేశమే ఉంటుంది. బ్లైండెడ్ ట్రయల్‌లో ఆ మాటకు విలువ లేదు, కానీ వాట్సాప్, టెలిగ్రామ్ గ్రూపుల్లో అది స్క్రీన్‌షాట్ అయి తిరుగుతుంది. సైట్ ఒప్పందాల్లో గోప్యత క్లాజు ఉందో లేదో ఈ వారం చూసి, లాక్‌కి ముందు ప్రతి సైట్‌కూ ఒక పేజీ గుర్తుచేసే ఉత్తరం పంపండి, అందిందని సంతకం తీసుకోండి.

ఎవరైనా నోరుజారి నిజంగానే సమాచారం బయటపడితే, జారినవారి మీద విచారణ తర్వాత. ఇన్‌సైడర్ నిబంధనల్లోని ఫెయిర్ డిస్‌క్లోజర్ సూత్రం ప్రకారం ఆ సమాచారాన్ని వెంటనే అందరికీ చెప్పాలి. దీనికోసం నాలుగో నోటు కూడా సిద్ధంగా పెట్టుకోండి, మూడు వాక్యాలు చాలు: ఏ సమాచారం, ఎలా బయటపడింది, ప్రస్తుతం కంపెనీ దగ్గర ఉన్న వాస్తవం ఏమిటి. రూమర్లకు 24 గంటల్లో తప్పనిసరిగా జవాబివ్వాలన్న నిబంధన మార్కెట్ విలువలో మొదటి 250 కంపెనీలకే. మీది అందులో లేకపోయినా, ధర అకారణంగా కదిలితే ఎక్స్ఛేంజ్ వివరణ అడుగుతూ మెయిల్ పెడుతుంది. ఆ మెయిల్ వచ్చే ఐడీని మీతోపాటు ఇంకొకరు చూస్తూ ఉండాలి, ముఖ్యంగా మీరు సెలవులో ఉన్న రోజుల్లో.